భుజ పరిరక్షణ పక్షోత్సవాలు

హైమవతికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన పేకాడడు, అప్పులు చెయ్యడు, కూరలో ఉప్పెక్కువైతే ఇంత మజ్జిగ పోసుకుని తినేస్తాడే తప్ప కంచం తొయ్యడు. అన్నీ బాగానే ఉన్నాయిగానీ ఆయన దగ్గర హాస్యమాడడానికి వీల్లేదు.

పెళ్లయిన కొత్తలో ఓసారి, "మీ అమ్మగారి గురకకి పక్కవీధి కుక్కలు కూడా వలసపోయాయండీ" అంది. ఆయన మర్నాడు పొద్దున్నే పక్కవీధికి వెళ్లి లెక్కపెట్టుకొచ్చి, "ఏడున్నాయి, ఎక్కడికీ పోలేదు" అన్నాడు నిష్ఠూరంగా. మొన్న వేసవిలో, "ఈ ఎండకి డాబా మీద అట్లు పోసుకోవచ్చు" అని విసుక్కుంటే గరిటెడు పిండి పట్టుకుని మేడెక్కాడు. పావుగంట తర్వాత దిగొచ్చి, "అంచులు ఆరాయి, మధ్యలో కాలలేదు. రెండో వైపు తిప్పడం కుదరదు" అని ఫలితం ప్రకటించాడు.

ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే ఇల్లాలికి కాలక్షేపం. ప్రభుత్వంలో ఉంటే జనానికి చిక్కు. దక్షిణామూర్తి కొత్తరేవు జిల్లాకి క్రీడాధికారి. ఆయన సంతకం ముత్యాలకోవలా ఉంటుంది. ఆ సంతకానికి పైన ఉండాల్సిన నాలుగు వాక్యాలూ మాత్రం పాతికేళ్లుగా హైమవతి రాసిపెడుతోంది. జంతుశాస్త్రంలో డిగ్రీ చేసిన మనిషి కావడం వల్ల ఏ ప్రాణికి ఏ భాష అర్థమవుతుందో ఆమెకి బాగా తెలుసు.

ఆయన కిందకొచ్చే ఆటల్లో బేస్‌బాల్ కూడా ఒకటి. కొత్తరేవులో బేస్‌బాల్ ఏమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. క్రికెట్లో చోటు దొరకని పిల్లలూ, కబడ్డీకి పంపితే మోకాళ్లు గీరుకుపోతాయని తల్లులు ఆపేసిన పిల్లలూ కలిసి ముప్ఫై ఎనిమిదిమంది హైస్కూలు వ్యాయామోపాధ్యాయుడు దావీదు మాస్టారి దగ్గర చేరారు. అందులో హైమవతి కూతురు తరళ ఒకతి. ఇంటర్ మొదటి సంవత్సరం. జట్టులో బంతి విసిరేది ఆ పిల్లే. ఇంట్లో గిన్నె అందుకోమంటే పది సాకులు చెబుతుందిగానీ, మైదానంలో చెయ్యి వెనక్కి లాగి వదిలిందంటే అవతల బ్యాటు పట్టుకున్నవాడు బంతి వెళ్లిపోయాక గాలిని కొడతాడు.

దావీదు మాస్టారి పద్ధతి చాలా సులువు. పాత సైకిల్ ట్యూబులు కోసి కిటికీ ఊచలకి కట్టేవాడు. పిల్లలు ఒక్కొక్కరూ వాటిని మెల్లగా లాగి వదిలి, చేతులు పక్కలకి చాపి, ఎత్తి, తిప్పి, పది నిమిషాలు భుజాలు వేడెక్కించుకునేవాళ్లు. ఆ తర్వాతే బంతి. అదీ లెక్క ప్రకారం, నలభైసార్లు. మర్నాడు విశ్రాంతి. "భుజం బావిలాంటిదే అమ్మా, తోడుతుంటేనే ఊరుతుంది. అలాగని అడుగు కనపడేదాకా తోడేస్తే బురదొస్తుంది" అనేవాడు.

అలా పోతుండగా రాజధాని నుంచి ఒక కాగితం వచ్చింది.

"విషయం: క్రీడలు – బేస్‌బాల్ – క్రీడాకారులలో చేయి గాయముల ప్రమాదమును తగ్గించుటకై భుజ వ్యాయామ శిక్షణ – పక్షోత్సవముల నిర్వహణ – తక్షణ చర్యలు – గురించి."

కాగితం మంచిదే. మూడో పేజీలో ఎవరో చదువుకున్న డాక్టరు రాసిన మాటలున్నాయి: ఆటకి ముందు పది నిమిషాల వ్యాయామం చాలని, విసరడం మానకూడదని, మానితే మళ్లీ వారాలపాటు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలని. అయితే ప్రభుత్వ కాగితాల్లో మూడో పేజీ దాకా వెళ్లేది స్టేప్లరు పిన్ను ఒక్కటే. మొదటి పేజీలో మాత్రం పెద్దక్షరాలతో, ప్రతి జిల్లా గాయాల సంఖ్య ప్రతి సోమవారం కంప్యూటర్లో ఎక్కించాలని, సున్నా ఉంటే పచ్చరంగు, ఒక్కటున్నా ఎర్రరంగు అని ఉంది.

కొత్తరేవులో కిందటేడు అయిదుగురు పిల్లలకి చెయ్యి నెప్పెట్టింది. రాష్ట్రపటంలో జిల్లా కుంకుమబరిణెలా మెరిసిపోయింది. డైరెక్టరుగారు వీడియో సమావేశంలో కళ్లజోడు తీసి, "దక్షిణామూర్తిగారూ, నాకు ఎరుపు సరిపడదు" అన్నారట.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనకి ముద్ద దిగలేదు.

"సున్నా ఎలా తేవాలి హైమా? పిల్లలన్నాక నెప్పి రాకుండా ఉంటుందా?"

హైమవతి అప్పడాలు వేయిస్తోంది. "దానికేముందండీ! బంతులన్నీ మీ ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసెయ్యండి. విసిరితే కదా నెప్పి!"

ఆమె తనే కిసుక్కున నవ్వింది. దక్షిణామూర్తి నవ్వలేదు. ఆయన చేతిలో అప్పడం సగం దారిలో ఆగిపోయింది.

"నువ్వు బీయస్సీవి కదా" అన్నాడు మెల్లగా, భక్తిగా.

ఆ ఉత్తర్వు మాత్రం ఆయన స్వయంగా రాశాడు. పాతికేళ్లలో అదే మొదటిసారి. ఉత్సాహం అలా తన్నుకొచ్చింది.

"గాయములన్నియు బంతి విసురు సమయముననే సంభవించుచున్నట్లు గణాంకముల ద్వారా రుజువైనందున, తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు బంతి విసరుట నిలిపివేయడమైనది. తద్వారా ఆదా అయిన సమయమును భుజ వ్యాయామమునకు వినియోగించవలెను. ఉల్లంఘించినచో తీవ్రముగా పరిగణించబడును."

ఇరవైనాలుగు బంతులు బీరువాలోకి వెళ్లాయి. రెండు తాళాలు వేశారు. ఒక చెవి అధికారి దగ్గర, ఒక చెవి సూపరింటెండెంటు దగ్గర. ఒకళ్లకి బుద్ధి పుట్టినా రెండోవాళ్లకి పుడితేగానీ తెరుచుకోదన్నమాట.

సాయంత్రానికి దావీదు మాస్టారు ట్యూబుముక్క భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు.

"సార్, నాకో సందేహం. ఈ వ్యాయామం ఎందుకు సార్?"

"భుజం బలపడటానికి."

"భుజం ఎందుకు బలపడాలి సార్?"

"గాయం కాకుండా."

"గాయం కాకుండా ఏం చెయ్యడానికి సార్?"

దక్షిణామూర్తి జాలిగా చూశాడు. "వ్యాయామం చెయ్యడానికయ్యా!"

మాస్టారు హైమవతి అందించిన మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆయనకి ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసుంది.

సోమవారం జిల్లా పచ్చబడింది. ఆ పైవారం ఇంకా చిక్కని పచ్చ. పక్షోత్సవాలు కాబట్టి పదిహేను రోజులకి ముగియాలి. విజయవంతమైన కారణంగా మరో పక్షం పొడిగించారు. అదీ విజయవంతమైన కారణంగా ఇంకో పక్షం. పది నిమిషాల వ్యాయామం పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర అయింది. ప్రతి అరగంటకీ ఫొటో తీసి పంపాలి. ఫొటోలో ముప్ఫై ఎనిమిది జతల చేతులూ భుజాల ఎత్తులో నిలబడి ఉండాలి. మొదటి పది ఫొటోల్లో పిల్లల ముఖాలు నవ్వుతున్నాయి. తర్వాత్తర్వాత చేతులు తప్ప ముఖాలు కనపడకుండా తీయమని ఆదేశాలొచ్చాయి.

ఒకరోజు పొద్దున తరళ దువ్వెన పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, జడెయ్యి. చెయ్యి లేవట్లేదు."

హైమవతి కూతురికి జడ వేసి అయిదేళ్లయింది. చిక్కు తీస్తూ, "ఏవండీ, ఇది గాయం కాదా?" అని కేకేసింది.

ముందుగదిలోంచి జవాబొచ్చింది. "కాదు. దాన్ని వ్యాయామ స్పందన అంటారు. బంతి వల్ల కలిగితేనే గాయం. నిర్వచనం స్పష్టంగా ఇచ్చాను."

"అసలు నాన్నకీ బుద్ధి ఎలా పుట్టిందే?" అంది తరళ.

హైమవతి జడ మరీ బిగించేసింది. "కదలకు" అంది.

నాలుగోవారంలో ప్రదర్శన మ్యాచి పెట్టారు. బంతి లేకుండా బేస్‌బాల్ ఆడటం ప్రపంచంలో మొదటిసారని ఫ్లెక్సీ కట్టించారు. బంతి లేనప్పుడు అది ఎటు వెళ్లిందో ఎవరు చెప్పాలన్న సమస్య వచ్చింది. అందుకని ముగ్గురితో "బంతి స్థాన నిర్ధారణ సంఘం" వేశారు. వాళ్లకి టేబులు, టేబులుమీద గుడ్డ, గుడ్డమీద నీళ్లసీసాలు.

తరళ వచ్చి ఉత్త చెయ్యి ఊపింది. అవతల ముఖ్య అతిథిగారు బ్యాటు ఊపారు. సంఘం తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంది. సభ్యకార్యదర్శి మైకులో, "అతిథివర్యులు కొట్టిన బంతి కాంపౌండు గోడ దాటినట్లు ఏకగ్రీవంగా నిర్ధారించడమైనది" అని చదివాడు. చప్పట్లు మోగాయి. అప్పుడు గోడ దగ్గర నిలబడ్డ ఒక పిల్లవాడు ఖాళీ గ్లౌజు పైకెత్తి, "పట్టేశానండీ! ఇదిగోండి!" అని అరిచాడు. సంఘం మళ్లీ తలలు దగ్గరపెట్టింది. గ్లౌజు తెప్పించి మూడువైపుల నుంచీ చూశారు. విషయం పరిశీలనలో ఉంచడమైనదని, ఈలోగా రెండు జట్లూ గెలిచినట్లు భావించవలెనని తీర్పు వచ్చింది.

హైమవతి ముందువరసలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంతకంటే ఏం కావాలి, ఇక ఈయనకే తెలిసొస్తుంది అనుకుంది. ఇంటికొచ్చాక, ఇంకొంచెం సాయం చేద్దామని, "బంతే లేనప్పుడు బ్యాటు మాత్రం ఎందుకండీ? ఉత్తగాలిలో ఊపి ఎవరి నెత్తిమీదైనా వేస్తే?" అంది.

మర్నాడు బ్యాట్లు కూడా బీరువాలోకి వెళ్లాయి.

అప్పటి నుంచి ఆమె భర్త ముందు వాతావరణం గురించి తప్ప మాట్లాడటం మానేసింది.

ఆరోవారం శుక్రవారం నాడు దావీదు మాస్టారు మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో ట్యూబు లేదు, కాగితాలున్నాయి. వచ్చే బుధవారం రాష్ట్రజట్టు ఎంపికలు. ముప్ఫై ఎనిమిదిమంది భుజాలూ బాగున్నాయని జిల్లా అధికారి సంతకాలు చెయ్యాలి.

"సార్, ఒక్కమాట. కోప్పడకండి. ఆరువారాలుగా ఈ పిల్లలు బంతి ముట్టుకోలేదు. పైపెచ్చు రోజుకి మూడుగంటలు చేతులెత్తించి భుజాలు పిండి చేశాం. ఇప్పుడు తీసుకెళ్లి నిజం బంతి చేతిలో పెడితే తరళమ్మ మొదటి బంతికే ఉన్న జోరంతా పెడుతుంది. ఆ పిల్ల సంగతి నాకు తెలుసు. లోపల ఏదో ఒకటి తెగుద్ది సార్. తెగిందంటే మళ్లీ ఆ చెయ్యి ఈ చెయ్యి కాదు."

"అయితే పంపొద్దంటావా?"

"నేను వెళ్తాను!" తలుపు దగ్గర నిలబడ్డ తరళ ముందుకొచ్చింది. "వచ్చే ఏటికి నాకు వయసు దాటిపోద్ది నాన్నా. ఇదే ఆఖరుసారి. నెప్పొస్తే రానీ. నేను విసురుతాను."

మాస్టారు గొంతు తగ్గించాడు. "దారి ఉంది సార్. నిబంధనల్లో రాసుంది. ఏ జిల్లా పిల్లలైనా తయారుగా లేరని ఎంపికల ముందు జరిగే సమావేశంలో అధికారి కారణంతో సహా చెప్తే, మూడువారాల తర్వాత వాళ్లకి విడిగా ఎంపిక పెట్టితీరాలి. మూడువారాలు ఇప్పించండి. రోజుకి పది బంతులతో మొదలెట్టి మెల్లగా ఎక్కిస్తాను."

"తయారుగా లేరని చెప్పాలా?" దక్షిణామూర్తి కుర్చీలోంచి సగం లేచాడు. "ఆదివారం ఆ సమావేశంలోనే నాకు సన్మానమయ్యా! కొత్తరేవు నమూనా అని పేరు పెట్టారు. అప్పుడే నాలుగు జిల్లాల్లో బంతులు బీరువాలకెక్కాయి."

మాస్టారు కాగితాలు బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. తరళ తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

హైమవతి పొయ్యి కట్టేసి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. పాతికేళ్లలో ఆయనతో ఏ మాటా వంకర లేకుండా చెప్పినట్టు ఆమెకి జ్ఞాపకం రాలేదు. ఎలా మొదలెట్టాలో కూడా తెలియలేదు.

"ఏవండీ, ఆ బీరువా మాట నేను వేళాకోళానికి అన్నాను."

"ఏ బీరువా?"

"బంతుల బీరువా."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "మరి బ్యాట్లో?"

"అదీ వేళాకోళమే."

"వేళాకోళమని అప్పుడే చెప్పొచ్చుగా హైమా!"

"చెప్పాల్సింది. మీరు ఉత్తర్వు ఇచ్చిన రోజే చెప్పాల్సింది. నాలో నేను నవ్వుకుంటూ కూచున్నాను. పిల్లకి జడ వేస్తూ కూడా ఊరుకున్నాను. ఇదిగో, ఇది చూడండి." ఆమె ఆ పాత కాగితం మూడో పేజీ తిప్పి వేలుపెట్టి చదివింది. విసరడం మానకూడదు. మానితే కొద్దికొద్దిగా పెంచాలి.

దక్షిణామూర్తి ఆ పేజీని మొదటిసారి చూసినట్టు చూశాడు. నిజంగానే మొదటిసారి. అయినా అలవాటైన దారిలోకే మళ్లాడు.

"అయితే 'అనివార్య కారణాల వల్ల' అని రెండు వాక్యాలు రాసిపెట్టు."

"రాయను."

"పోనీ 'పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా'?"

"రాయనండీ. ఇది నోటితో చెప్పాల్సిన మాట. నా రాతలో మీరు దాక్కోవడం కుదరదు."

ఆయన కోపంగా పెన్ను తీసి కాగితాల కట్ట ముందుకి లాక్కున్నాడు. "సదరు క్రీడాకారిణి భుజము సర్వవిధముల సురక్షితమని ధ్రువీకరించడమైనది" అని అచ్చేసి ఉంది. అన్నింటికీ పైన ఉన్నది తరళ కాగితమే. పెన్ను ఆనించి ఆగాడు.

"తరళా! ఇలా రా అమ్మా."

ఆ పిల్ల వచ్చి నిలబడింది.

"చెయ్యి పైకెత్తు."

తరళ ఎత్తింది. భుజం దాటాక కింది పెదవి పళ్లకింద నలిగింది. అయినా ఎత్తుతూనే ఉంది, తండ్రి వైపు కాకుండా గోడవైపు చూస్తూ.

"చాలమ్మా. దించు, దించు" అన్నాడాయన. పెన్నుకి మూత పెట్టాడు.

ఆదివారం పదిగంటలకి సమావేశం. వెలుతురు బాగుంటుందని కిటికీ పక్కనున్న కుట్టుమిషను మీద ల్యాప్‌టాప్ పెట్టారు. తక్కిన పన్నెండు జిల్లాల అధికారులు తెరమీద పన్నెండు కిటికీల్లో కూర్చున్నారు. హైమవతి కెమెరాకి కనపడకుండా గుమ్మం పక్కన నిలబడింది. తరళ ఆమె వెనకాల.

డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "మిత్రులారా, గాయరహిత క్రీడాసమాజ నిర్మాణంలో కొత్తరేవు ఒక దిక్సూచి. ఆరువారాలు. ముప్ఫై ఎనిమిది జతల భుజాలు. సున్నా గాయాలు! ఎంపికలకి సన్నద్ధత గురించి, ఈ విజయ రహస్యం గురించి దక్షిణామూర్తిగారు ఇప్పుడు మనల్ని జాగృతపరుస్తారు."

దక్షిణామూర్తి లేచి నిలబడ్డాడు. తల తెరలోంచి బయటికి పోవడంతో మళ్లీ కూర్చున్నాడు. మొదలుపెట్టాడు. ఒక్క గ్రాంథికం ముక్క లేదు. బంతులు బీరువాలో పెట్టింది తనేనని, మూడో పేజీ చదవలేదని, మాస్టారు చెప్తే వినలేదని, నెప్పిని నెప్పి అనకుండా వేరే పేరు పెట్టానని, నిన్న కాక మొన్న తన కూతురు చెయ్యెత్తుతుంటే చూశానని చెప్పాడు. జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. మూడువారాలు గడువు కావాలని చేతులు జోడించి ముగించాడు.

గుమ్మం పక్కన హైమవతి కళ్లు చెమర్చాయి.

తెరమీద పన్నెండుమందీ ఆదరంగా తలలూపారు. డైరెక్టరుగారు చిరునవ్వు నవ్వారు.

"దక్షిణామూర్తిగారూ, మీ మైకు ఆపేసి ఉంది. మాకు ఒక్క ముక్కా వినపడలేదు. అయినా మీ ముఖంలో ఆత్మవిశ్వాసం చూశాం, స్ఫూర్తి పొందాం. సమయం తక్కువగా ఉంది. సారాంశం ఒక్క వాక్యంలో చెప్పండి చాలు."

దక్షిణామూర్తి జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఉన్న ధైర్యమంతా ఖర్చయిపోయింది. ఎవరూ వినలేదు. ఇప్పుడు ఏ వాక్యమైనా చెప్పొచ్చు. "అందరి సహకారంతో" అనేది నాలుక చివరే ఉంది. పాతికేళ్లుగా అక్కడే కాపురముంటోంది. ఆయన గుమ్మం వైపు చూశాడు. తరళ ఎడంచేత్తో కుడిభుజం పట్టుకుని నిలబడి ఉంది.

ఆయన మైకు బొమ్మ మీద నొక్కాడు.

"నేను చేసింది తప్పు సార్. మా పిల్లలు తయారుగా లేరు. అదే కారణం, నమోదు చెయ్యండి."

పన్నెండు కిటికీల్లోనూ తలలూగడం ఆగిపోయింది. ఎవరి ఇంట్లోనో కుక్కరు కూత వేసింది. డైరెక్టరుగారు కళ్లజోడు తీసి, పెట్టుకుని, తెరకి దగ్గరగా వంగారు.

"మీ వైపు నెట్‌వర్కు దెబ్బతిన్నట్టుంది దక్షిణామూర్తిగారూ. మీరేదో తప్పు అన్నట్టు వినపడుతోంది."

"నెట్‌వర్కు బాగానే ఉంది సార్" అన్నాడాయన, ఈసారి ఇంకాస్త గట్టిగా. "తప్పు నేనే చేశాను."